విశాఖ స్టార్ హోటల్లో డిన్నర్‌కి కూర్చునే ముందు జాగ్రత్తలు

ఆఫీసు పని మీద విశాఖ వచ్చారా? బీచ్ రోడ్డు పెద్ద హోటల్లో తినే ముందు, కంపెనీ రోజుకి భోజనానికి ఎంత ఇస్తుందో చూసుకోండి. మెనూ ధరల్లో సాధారణంగా పన్ను కలిసి ఉండదు. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్లలో తిండి మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. బయట మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే.

చేప దగ్గర ఇంకా జాగ్రత్త. వంజరం, పీతలు, పెద్ద రొయ్యలకు మెనూలో ధర వేయకపోతే బరువును బట్టి లెక్కగడతారేమో, మొహమాటపడకుండా అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో "ఇది తాజాదా, ఫ్రీజర్‌దా అండీ?" అని తప్పక అడగాలి. నేనైతే అప్పుడు నాటుకోడి వైపే మొగ్గుతాను.

సీసా నీళ్లు వద్దంటే మామూలు తాగునీళ్లు అడగండి.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం సర్వీస్ చార్జీ మన ఇష్టం, తీసేయమనొచ్చు.

బిల్లు కొట్టకముందే కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు రాసి ఇవ్వండి. తర్వాత మార్పించడం పెద్ద తలనొప్పి. మందు తీసుకుంటే వేరే బిల్లు చేయించండి, చాలా కంపెనీలు ఆ ఖర్చు ఇవ్వవు.