తీగ లేకుండా ఎల్ఈడీ: శ్రుతి కలిపి దూరం పెంచడం

గాలిలో కరెంటు పంపాలని ఆవిష్కర్త నికోలా టెస్లా 1901లో మొదలుపెట్టిన వార్డెన్‌క్లిఫ్ టవర్‌ను 1917లో కూల్చేశారు. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ బృందం 2 మీటర్ల దూరాన 60 వాట్ల బల్బు వెలిగించింది, రెండు కాయిల్స్‌నూ ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేసి. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు చాలామంది ఆ మెట్టు దాకా రాకుండానే వదిలేస్తారు. అసలు సత్తా అంతా అక్కడే ఉంది.

కావలసినవి: 0.5 మి.మీ. ఎనామెల్ రాగి తీగ 15 మీటర్లు, 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1.5 వోల్టుల సెల్, ఎర్ర ఎల్ఈడీ, 100, 220, 470 పికోఫారడ్, 1 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు.

7 సెం.మీ. వ్యాసమున్న డబ్బా మీద 15 చుట్లు చుట్టండి. తీగ తెంపకుండా కాస్త బయటికి లాగి మెలిపెట్టి, అదే దిశలో ఇంకో 15 చుట్టండి. ఇది మొదటి కాయిల్. దిశ మారితే ఫీడ్‌బ్యాక్ (కాయిల్ నుంచి ట్రాన్సిస్టర్‌కు తిరిగొచ్చే సంకేతం) ఎదురు తిరిగి, డోలనాలు, అంటే కరెంటు అటూ ఇటూ ఊగడం, అసలు మొదలవవు. రెండో కాయిల్‌కు ఏకంగా 30 చుట్లు చాలు. దాని కొసలకు ఎల్ఈడీ కలపండి.

ట్రాన్సిస్టర్ మూడు కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. మొదటి కాయిల్ ఒక కొస కలెక్టర్‌కు, రెండో కొస రెసిస్టర్ మీదుగా బేస్‌కు, మధ్య మెలిక సెల్ ప్లస్‌కు, ఎమిటర్ మైనస్‌కు. రెండో కాయిల్‌ను మొదటిదానికి దగ్గరగా ఉంచండి.

వెలగలేదా? ముందు తీగ కొసలు చూడండి. ఎనామెల్ కూడా రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి గీకినట్టే అనిపిస్తుంది. ఎమరీ పేపర్‌తో చుట్టూ రుద్ది, గులాబీ ఛాయలో లోహం మెరిసేదాకా ఆపకండి. తర్వాత ట్రాన్సిస్టర్ కాళ్లు: ఇదే ట్రాన్సిస్టర్‌లో రెండు రకాలైన పిఎన్2222ఏకూ పి2ఎన్2222ఏకూ కలెక్టర్, ఎమిటర్ తారుమారుగా ఉంటాయి.

వెలిగాక, రెండు కాయిల్స్‌నూ ఎదురెదురుగా ఉంచి, ఎల్ఈడీ మిణుకుమిణుకుమనేదాకా దూరం జరపండి. అక్కడ ఎల్ఈడీకి సమాంతరంగా కెపాసిటర్లను ఒక్కొక్కటే పెట్టి చూడండి. సరైనది దొరికితే వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. తగినంత వోల్టేజ్ రానంతవరకు ఎల్ఈడీ కరెంటు లాగదు. ఆలోగా అనునాదం (శ్రుతి కలిసినప్పుడు ఊపు పెరగడం) వోల్టేజ్‌ను పెంచుకుంటూ పోతుంది. ఈ కాయిల్ సుమారు 100 మైక్రోహెన్రీలు, 1 నానోఫారడ్‌తో దాదాపు 500 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. కెపాసిటర్ పెట్టగానే వెలుగు తగ్గితే, విలువ మార్చండి.

ఒక కాయిల్‌ను అడ్డంగా తిప్పితే వెలుగు పూర్తిగా ఆరిపోతుంది, క్షేత్రం దాని గుండా పోదు కాబట్టి. కాయిల్ వ్యాసాన్ని బాగా దాటాక దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంకా దూరం కావాలంటే కాయిల్ పెద్దది చేసి, మళ్లీ శ్రుతి చేయాలి. ఇనుప బల్ల మీద చేయకండి, శ్రుతి తప్పుతుంది.