ఫిల్టర్ పెట్టినా హార్మోనిక్స్ తగ్గలేదా? ముందు సీటీలు చూడండి

సమస్య: ఫిల్టర్ ఆన్ చేస్తే టీహెచ్‌డీ (హార్మోనిక్స్ మొత్తం శాతం) తగ్గకపోగా పెరుగుతోంది

ఇలా ఫోన్ వచ్చినప్పుడల్లా నేను మొదట అడిగేది, "సీటీలు చూశారా?" అని. సీటీ అంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, లైనులో పారే కరెంటును ఫిల్టర్‌కు చూపించేది అదే. "ఆంప్స్ సరిగ్గానే చూపిస్తోంది సార్" అంటారు. సీటీ తిరగబడినా ఆంప్స్ సరిగ్గానే చూపిస్తుంది. ఆ అంకెకు దిశ తెలియదు.

హార్మోనిక్ అంటే 50 హెర్ట్జ్ కరెంటులో కలిసే, దానికి ఇన్ని రెట్లు ఫ్రీక్వెన్సీ ఉన్న అనవసర కరెంటు. యాక్టివ్ ఫిల్టర్ చేసే పని, సీటీ చూపించిన హార్మోనిక్‌కు సరిగ్గా ఎదురు కరెంటు పంపడం. సీటీ తిరగబడితే ఆ ఎదురు కాస్తా తోడవుతుంది. వీఎఫ్‌డీల (మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవుల) నుంచి వచ్చే 5వ (250 హెర్ట్జ్), 7వ (350 హెర్ట్జ్) హార్మోనిక్‌లు ఇంకా పెరుగుతాయి.

ఒక స్పిన్నింగ్ మిల్లులో దీనివల్లే రెండు రోజులు పోయాయి. ఆర్, వై ఫేజుల్లో టీహెచ్‌డీ బాగా తగ్గింది. బీలో పెరిగింది. సెట్టింగులన్నీ మార్చి చూశాం. వైర్ల చివర తొడిగే గుర్తుల (ఫెర్రూల్) నంబర్లు కూడా సరిగ్గానే ఉన్నాయి. చివరికి ప్యానెల్ వెనక సందులోకి మొబైల్ దూర్చి ఫొటో తీస్తే తెలిసింది. చోటు చాలక బీ ఫేజు సీటీని తిప్పి బిగించారు. సీటీ మీద ముద్రించిన, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఉండాల్సిన పీ1 గుర్తు లోడు వైపు ఉంది.

ప్యానెల్ విప్పకుండానే ఇది పట్టుకోవచ్చు. కాంపెన్సేషన్ (ఫిల్టర్ ఎదురు కరెంటు పంపడం) ఆపి, లోడు నడుస్తుండగా ఫిల్టర్ స్క్రీన్ మీద ఒక్కో ఫేజు కిలోవాట్లు చూడండి. మూడూ ప్లస్‌లో, దాదాపు సమానంగా ఉండాలి. ఒకటే మైనస్‌లో ఉంటే ఆ సీటీ తిరగబడినట్టే. రెండు ఫేజుల్లో పవర్ ఫ్యాక్టర్ అడ్డదిడ్డంగా ఉంటే ఆ రెండు సీటీల వైర్లు తారుమారయ్యాయి. రూఫ్‌టాప్ సోలార్ ఉంటే చూసేముందు కాసేపు ఆపండి, లేకపోతే మైనస్ దానివల్ల కూడా రావచ్చు.

సరిచేయడానికి సీటీ ఊడదీయక్కర్లేదు. ఫిల్టర్ వైపు టెర్మినల్‌లో సీటీ నుంచి వచ్చే ఎస్1, ఎస్2 వైర్లను ఒకదాని చోట ఒకటి మార్చితే చాలు. కానీ ముందు షార్టింగ్ లింకు (ఆ రెండు వైర్లను కలిపి ఉంచే పట్టీ) వేయండి. కరెంటు పారుతుండగా సీటీ సెకండరీ (ఎస్1, ఎస్2 వైపు) తెరుచుకుంటే వచ్చే వోల్టేజీ ప్రాణం తీస్తుంది. వీలుంటే షట్‌డౌన్ తీసుకునే చేయండి. సీటీ రేషియో కూడా అప్పుడే సరిచూసుకోండి.

సమస్య: కెపాసిటర్లు ఆన్ అయినప్పుడే పెరుగుతోంది

ఇది రెజొనెన్స్, అంటే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి ఒక ఫ్రీక్వెన్సీని పెంచేయడం. 5 శాతం ఇంపీడెన్స్ ఉన్న 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 400 కేవీఏఆర్ కెపాసిటర్లు వేస్తే అది సరిగ్గా 7వ హార్మోనిక్ దగ్గర పడుతుంది. కెపాసిటర్లతో సిరీస్‌లో 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు (ఆ ఫ్రీక్వెన్సీని హార్మోనిక్స్‌కు దూరంగా జరిపే కాయిల్స్) పెట్టండి.

సమస్య: ఫిల్టర్ ఎప్పుడూ 100 శాతం మీదే నడుస్తోంది

కెపాసిటీ చాలడం లేదు. ఇంకో ఫిల్టర్ కొనేముందు డ్రైవులకు 3 శాతం లైన్ చోక్‌లు (డ్రైవుకు వచ్చే లైనులో పెట్టే కాయిల్స్) ఉన్నాయో లేదో చూడండి.

ఫిల్టర్ లోపలి ఐజీబీటీ (కరెంటును స్విచ్ చేసే భాగం), కంట్రోల్ కార్డు పోవడం అరుదు. పోతే సాధారణంగా స్క్రీన్ మీద అలారం వస్తుంది, సర్వీసువాళ్లను పిలవండి.