చిన్నపిల్లలకు టీవీలో ఏం పెట్టాలి? ముందు మీరు 10 నిమిషాలు చూడండి

ఏప్రిల్, మే నెలల్లో విశాఖలో ఉదయం పది దాటితే పిల్లల్ని బయటికి పంపలేం. ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. సాయంత్రం అయిదు దాటి గాలి తిరిగితే గానీ బీచ్ మాట ఎత్తలేం. ఆ మధ్యలోనే టీవీ మోగడం మొదలవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా 2 నుంచి 5 ఏళ్ల పిల్లల గురించి. రెండేళ్లు నిండని వాళ్లకు టీవీ, ఫోను అసలు వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఊళ్లో ఉన్న తాతయ్యతో అప్పుడప్పుడు వీడియో కాల్‌లో మాట్లాడితే ఫరవాలేదు. 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క కూడా ఇంచుమించు ఇదే, గంటకంటే తక్కువైతే ఇంకా మంచిదని కూడా అంది. ఆ గంటలో ఫోను, టీవీ రెండూ కలిసే ఉండాలి.

పిల్లల కార్యక్రమం ఎలా ఉండాలని అడిగితే చాలామంది తల్లిదండ్రులు 'ఏదో ఒకటి నేర్పాలి' అంటారు. అక్షరాలు, అంకెలు, రంగుల పేర్లు వస్తే చాలనుకుంటారు. అసలు చూడాల్సింది అది కాదు. టీవీ కట్టేశాక పదిహేను నిమిషాలు మీ పాప ఏం చేస్తోందో చూడండి. చూసిన ఆటే ఆడుతోందా, ఏదైనా అడుగుతోందా, లేక ఊరికే చిరాకు పడి చేతికందింది విసిరేస్తోందా? ఆ కార్యక్రమం మంచిదో కాదో అక్కడ తేలిపోతుంది.

పిల్లలకు చూపించే ముందు రాత్రి వాళ్లు పడుకున్నాక ఒక ఎపిసోడ్ పెట్టుకోండి. ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో టైమర్ చాలు. ఒక నిమిషం పాటు కథ ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎన్నిసార్లు మారిందో గీతలు పెట్టండి. కెమెరా దగ్గరికి వెళ్లడం, దూరం జరగడం లెక్కలోకి రావు. ఇంట్లోంచి అడవికి, అడవిలోంచి ఆకాశంలోకి పోతేనే ఒక గీత. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి లెక్కపెట్టండి. నిమిషానికి రెండు మూడు గీతలొస్తే పెట్టవచ్చు. అయిదు, ఆరు వస్తే పక్కన పెట్టేయండి.

ఈ లెక్క ఊహించి చెప్పింది కాదు. 2011లో అమెరికాలో నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు సగటున 11 సెకన్లకోసారి దృశ్యం మారే కార్టూన్ 9 నిమిషాలు చూసింది. రెండో గుంపు 34 సెకన్లకోసారి మారే కార్టూన్ చూసింది. మూడో గుంపు బొమ్మలు గీసుకుంది. వెంటనే ఇచ్చిన చిన్న పనుల్లో వేగంగా మారే కార్టూన్ చూసినవాళ్లు వెనకబడ్డారు. ఓపిక పట్టడం, చెప్పింది గుర్తుంచుకోవడం, ముందు ఆలోచించి చేయడం లాంటివే ఆ పనులు. కేవలం 9 నిమిషాలకే అలా అయితే, మనవాళ్లు ఒక్కో మధ్యాహ్నం చూసేది ఎంతో లెక్కేసుకోండి.

అదే ఎపిసోడ్‌ని రెండు నిమిషాలు సౌండ్ లేకుండా చూడండి. బొమ్మలను బట్టే కథ అర్థమవ్వాలి. తర్వాత కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. ఢాం, ధడేల్, కెవ్వు మనే చప్పుళ్లు తీసేస్తే మాటలు ఎన్ని మిగిలాయి? మూడేళ్ల పిల్లకు మాటలే ముఖ్యం. పాత్రలు ఒక ప్రశ్న వేసి, జవాబు కోసం రెండు మూడు సెకన్లు ఆగే కార్యక్రమం దొరికితే వదలకండి. ఆ ఖాళీలోనే పిల్లలు నోరు విప్పుతారు.

డబ్బింగ్ తెలుగు సంగతి వేరే చెప్పాలి. 'వావ్, ఇది నిజంగా అద్భుతంగా ఉంది మిత్రమా' అని మనింట్లో ఎవరూ అనరు. మూడేళ్ల పిల్లలు మాత్రం వాక్యాన్ని వాక్యంగానే పట్టేసుకుంటారు. ఇంట్లో నాన్నమ్మ 'ఏటమ్మా, అలా సూస్తన్నావు?' అంటుంటే, టీవీ పిల్ల ఇంకో తెలుగు మాట్లాడుతుంది. రెండూ వినడం తప్పు కాదు. నాన్నమ్మ మాట తప్పని పిల్లకు అనిపించేలా మాత్రం ఎవరూ దిద్దకూడదు. టీవీలో చేప కనిపిస్తే అది ఒట్టి 'చేప'. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో పిల్లకు కవ్వళ్లు, వంజరం, పండుగప్ప వేర్వేరని తెలియాలి. ఆ పేర్లు చెప్పడం పక్కన కూర్చున్నవాళ్ల పని.

ఇక కథ. 'చివర్లో మంచి నీతి ఉంది కదా' అని మోసపోయేది ఇక్కడే. 20 నిమిషాల ఎపిసోడ్‌లో 18 నిమిషాలు ఒకణ్ణి వెక్కిరిస్తారు, తోస్తారు, కొడతారు. చివరి రెండు నిమిషాల్లో క్షమాపణ చెబుతారు. మొదట జరిగిందాన్నీ చివర జరిగిందాన్నీ కలిపి చూడటం నాలుగేళ్లలోపు పిల్లలకు కష్టం. వాళ్లకు గుర్తుండేది తోయడం, దానికి వచ్చిన నవ్వు. అందుకే గొడవ చిన్నదై, ఎక్కువసేపు దాన్ని సర్దుకోవడం మీద నడిచే కథలు వెతకండి. కుక్కపిల్ల బంతి నూతిలో పడింది, ముగ్గురు కలిసి తాడు కట్టారు, ముడి జారింది, మళ్లీ కట్టారు. అలాంటి కథ చాలు.

భయం సంగతి ఏమిటంటే, పెద్ద కోరలు, హఠాత్తుగా వచ్చే చప్పుడు, అమ్మ తప్పిపోవడం అనే ఈ మూడూ ఈ వయసువాళ్లను రాత్రి నిద్రలోంచి లేపుతాయి. పిల్ల చెవులు మూసుకున్నా, మీ వెనక దాక్కున్నా 'ఉత్తిదేలే' అని కూర్చోబెట్టకండి, ఆపేయండి.

ఛానెళ్ల విషయానికొస్తే, తెలుగులో ఖుషీ టీవీ, 2021లో మొదలైన ఈటీవీ బాల భారత్ ఉన్నాయి. మిగతా పిల్లల ఛానెళ్లలో చాలావాటికి తెలుగు ఆడియో ఉంటుంది. రిమోట్ మీద లాంగ్వేజ్ లేదా ఆడియో బటన్ నొక్కితే మారుతుంది. బాక్స్ ఆపి ఆన్ చేశాక కొన్నిట్లో మళ్లీ హిందీకి వెళ్లిపోవచ్చు, కాబట్టి రోజూ ఒకసారి చూసుకోండి. మీరు ఎంచుకున్న ఛానెళ్లను ఫేవరెట్స్‌లో పెట్టి, మిగతావాటికి పిన్ లాక్ వేయండి. బాక్స్‌తో వచ్చిన పిన్ 0000, 1234 లాంటిదైతే వెంటనే మార్చండి.

ఓటీటీల్లో 2021 నుంచి యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తులు వేస్తున్నారు. చిన్నవాళ్లకు యూ గుర్తున్నవే పెట్టండి. అయితే యూ అంటే అభ్యంతరకరమైనది లేదని మాత్రమే. వేగం గురించి ఆ గుర్తు ఏమీ చెప్పదు, గీతల లెక్క మీరే వేసుకోవాలి.

ఎక్కువ ఇబ్బంది యూట్యూబ్‌తోనే. మామూలు యూట్యూబ్ యాప్‌ని పిల్లల చేతికి ఇవ్వకండి. ఒక పాట అయ్యాక దానంతటదే ఇంకోటి వస్తుంది. నాలుగో అయిదో వీడియోకి అది ఎక్కడికి వెళుతుందో చెప్పలేం. యూట్యూబ్ కిడ్స్ వేసి, తల్లిదండ్రుల సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మీరు ఒప్పుకున్న వీడియోలే కనిపించే ఆప్షన్ ఎంచుకోండి. అప్పుడు సెర్చ్ ఉండదు. మొదట పది పన్నెండు వీడియోలు చాలు. ఒకే వీడియో ఇరవైసార్లు చూశారని విసుక్కోకండి. మళ్లీ మళ్లీ చూస్తేనే ఈ వయసువాళ్లకు కథ తలకెక్కుతుంది.

టీవీ ప్రకటనలకు గంటలో 12 నిమిషాలు మించకూడదన్న నిబంధన ఉంది. పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల ఛానెళ్లలో చిప్స్, కూల్‌డ్రింక్స్ ప్రకటనలు వేయకూడదని కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలిచ్చింది. అయినా ప్రకటన రాగానే సౌండ్ తగ్గించడం అలవాటు చేసుకోండి. అయిదేళ్లలోపు పిల్లలకు ప్రకటనకూ కథకూ తేడా సరిగా తెలియదు.

ఇల్లంతా వినిపించే సీరియళ్లు, వార్తలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పిల్ల అటు చూడకపోయినా ఆట మధ్యమధ్యలో తెగిపోతుంది, ఇంట్లోవాళ్లు ఆమెతో మాట్లాడటం తగ్గిపోతుంది. అమ్మమ్మకు ఆ సీరియల్ ఒక్కటే కాలక్షేపం అయితే ఆమెను నొప్పించకండి. ఆ అరగంట పిల్లను మేడ మీదికో, సందు చివరిదాకో తీసుకెళ్లండి. అన్నం తినిపించేటప్పుడు మాత్రం ఎవరి కోసమూ టీవీ పెట్టకండి. చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు. నిద్రకు గంట ముందే టీవీ కట్టేయండి.

చూసింది చేతికి అందిస్తే అది నిలుస్తుంది. ఓడ కథ చూసిన వారంలోనే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూపించండి. చెక్క బొమ్మల కథ అయితే ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి చేతిలో పెట్టి, అంకుడు కర్రతో చేస్తారని చెప్పండి. ప్రశ్న అడిగితే 'ఏం చూశావు?' అని కాకుండా 'ముడి ఎందుకు జారింది?' అని అడగండి.

ఇక కట్టేయడం. గొడవంతా ఇక్కడే వస్తుంది. కథ మధ్యలో రిమోట్ లాక్కుంటే ఏ పిల్లయినా ఏడుస్తుంది. సగంలో ఆగిన కథ పెద్దవాళ్లనే వదలదు. నిమిషాలు లెక్కపెట్టకండి, ఎపిసోడ్లు లెక్కపెట్టండి. 'రెండు చూద్దాం' అని ముందే రెండు వేళ్లు చూపించండి. రెండోది మొదలవగానే 'ఇది ఆఖరిది' అని ఇంకోసారి గుర్తుచేయండి. అయిపోగానే ఆఫ్ బటన్ పిల్ల చేతే నొక్కించండి. ఆ వెంటనే చేయడానికి ఒక పని సిద్ధంగా ఉండాలి, బకెట్లో నీళ్లో, ఒలవడానికి బఠాణీలో. మొదటి నాలుగైదు రోజులు ఏడుపు తప్పకపోవచ్చు. ఆ రోజుల్లో మూడో ఎపిసోడ్ ఒక్కసారి పెట్టినా, మర్నాటి ఏడుపు ఇంకా పెద్దదవుతుంది.