బతుకమ్మ ఫొటోలకు ఫోన్ బయటికి తీసే ముందు

ముందు లెన్స్ తుడవండి. నవ్వకండి, పొద్దంతా పూలు కోసిన చేతుల్లో తిరిగిన ఫోన్ అది, అద్దం మీద వేలిముద్ర జిడ్డు ఉంటే దీపాల వెలుగు గీతలు గీతలుగా సాగిపోతుంది. మెత్తటి నూలుగుడ్డ చాలు, జరీ కొంగుతో మాత్రం వద్దు.

- స్టోరేజ్ ఖాళీ ఉందా? పోయిన ఏడాది సద్దుల రోజు మా అమ్మ బతుకమ్మను నెత్తిన ఎత్తుకున్న క్షణంలోనే నా ఫోన్ నిండిపోయింది. ఆ గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ ముందురోజే తీసేయండి.

- పూల రంగులు కావాలంటే చీకటి పడకముందే కానివ్వండి. తంగేడు పసుపు పక్కన తెల్ల గునుగు సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంటే, గునుగు మీద వేలు నొక్కిపట్టి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరపండి, పూరేకులు మళ్లీ కనిపిస్తాయి.

- నైట్ మోడ్ ఆడేవాళ్లకు పనికిరాదు. అది ఒకట్రెండు సెకన్లు వెలుగు పోగేస్తుంది, ఈలోపు చప్పట్లు కొట్టే చేతులు పొగలా అయిపోతాయి. కింద పెట్టిన బతుకమ్మకైతే బ్రహ్మాండం.

- జూమ్ వద్దు, రెండడుగులు ముందుకెయ్యండి. ఫ్లాష్ ఆపండి.

- వేరేవాళ్ల పిల్లల్ని దగ్గరగా తీసేముందు వాళ్లమ్మను అడగండి.

- చెరువు గట్టు మీద స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవొద్దు.