తప్పు అవతలివాళ్లది, ఆగింది మన క్లెయిమ్: ఎక్కడ ఆగిందో కనిపెట్టి కదిలించడం ఎలా

మన తప్పే లేదు కదా, కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చకచకా తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో కారు రిపేరు క్లెయిమ్‌కి, తప్పు ఎవరిదన్న దానికి పెద్దగా సంబంధం లేదు. విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగి ఉన్న మన కారుని వెనక నుంచి డీసీఎం వచ్చి గుద్దినా, మనమే రివర్స్ చేస్తూ గోడకి కొట్టుకున్నా, మన పాలసీ మీద క్లెయిమ్ నడిచే దారి ఒక్కటే. అందుకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "నా తప్పు లేదండీ" అని పదిసార్లు చెప్పినా ఫైలు కదలదు. ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో తెలుసుకుని, వాళ్లకి తేదీలతో సహా రాస్తే కదులుతుంది.

అవతలి బండి ఇన్సూరెన్స్ కంపెనీ పట్టించుకోవట్లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. గుద్దినవాడు "నాకు ఇన్సూరెన్స్ ఉంది, వాళ్లే ఇస్తారు" అని చెప్పి పోతాడు. మనం ఆ కంపెనీకి ఫోన్లు చేస్తూ వారాలు గడిపేస్తాం. వాళ్లకి మనం పాలసీదారులం కాదు, థర్డ్ పార్టీ. థర్డ్ పార్టీ కింద మన కారు నష్టం రాబట్టాలంటే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. అంటే కోర్టు, లాయరు, వాయిదాలు. డీసీఎం, లారీ, కారు లాంటి బండ్ల పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల వరకు కవర్ ఉంటుంది. గుద్దింది బైకో స్కూటరో అయితే అది లక్ష. ఓనరు ప్రీమియం తగ్గుతుందని ఆ కవర్‌ని 6,000కి కుదించుకుని ఉంటే, ఆ పైది ఓనరు జేబులోంచే రావాలి.

కాబట్టి మీకు కాంప్రిహెన్సివ్ పాలసీ (మన కారు నష్టాన్ని కూడా కవర్ చేసేది) ఉంటే ముందు సొంత కంపెనీలోనే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మన కారు నష్టానికి క్లెయిమ్ వేసి కారు బాగు చేయించుకోండి. అలా చేస్తే మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, తప్పు మీది కాకపోయినా సరే. ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ తీసుకుని ఉంటేనే మిగులుతుంది. అయిదేళ్లుగా క్లెయిమ్ లేకుండా 50 శాతం బోనస్ మీద ఉన్నవాళ్లు, దెబ్బ చిన్నదైతే, రిపేరు ఖర్చు ఎంత, వచ్చే ఏడాది పెరిగే ప్రీమియం ఎంత అని ఒకసారి లెక్క వేసుకుని చూడాలి.

మీది ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే సొంత కంపెనీ ఏమీ ఇవ్వదు. ట్రిబ్యునలే దిక్కు.

సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) వచ్చి చూసి వెళ్లాడు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు

ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ 11న జనరల్ ఇన్సూరెన్స్ మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో గడువులు స్పష్టంగా ఉన్నాయి. క్లెయిమ్ తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి. సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏ సంగతో తేల్చాలి. "సర్వేయర్ ఇంకా రిపోర్టు పెట్టలేదు సార్, మేమేం చేస్తాం" అని కాల్ సెంటర్ వాళ్లు చెబితే ఒప్పుకోకండి. సర్వేయర్ దగ్గర రిపోర్టు తెప్పించుకునే బాధ్యత కంపెనీదే, మనది కాదు.

సర్వేయర్ మౌనానికి అసలు కారణం చాలాసార్లు షెడ్డులోనే ఉంటుంది. వెనక నుంచి గుద్దిన కారుకి మొదటి రోజు పైకి కనిపించేది బంపర్, డిక్కీ, లైట్లు. సర్వేయర్ ఫొటోలు తీసుకుని వాటి వరకే ఎస్టిమేట్ రాసుకుంటాడు. మెకానిక్ బంపర్ విప్పాక లోపల బార్ వంగి ఉంటుంది, డిక్కీ ఫ్లోర్ ముడత పడి ఉంటుంది, స్టెప్నీ గుంత కదిలి ఉంటుంది. దీనికి సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేసి, సర్వేయర్‌ని మళ్లీ పిలిచి చూపించాలి. షెడ్డు అడ్వైజర్ అది పంపడం మరిచిపోతాడు, లేదా పంపానంటాడు. సర్వేయరేమో రాలేదంటాడు. వారం గడిచిపోతుంది, మనకి మాత్రం రెండు చోట్లా "ప్రాసెస్‌లో ఉంది" అనే మాటే వినిపిస్తుంది.

దీనికి మందు ఒక్కటే. షెడ్డుకి స్వయంగా వెళ్లండి. అడ్వైజర్ పక్కన నిలబడి, సర్వేయర్‌కి పంపిన మెయిల్ చూపించమనండి. పంపకపోతే అక్కడే పంపించండి, కాపీలో మీ మెయిల్ ఐడీ, కంపెనీ క్లెయిమ్ మెయిల్ ఐడీ రెండూ పెట్టించండి. విప్పిన భాగాల ఫొటోలు మీ ఫోన్‌లోనూ తీసుకోండి. పాత బంపర్, పగిలిన లైట్లు సర్వేయర్ చూసేదాకా పారేయొద్దని గట్టిగా చెప్పండి. పాత భాగం కనిపించకపోతే దాన్ని మార్చినట్టు సర్వేయర్ ఒప్పుకోడు.

ఆ తర్వాత కంపెనీకి ఇలా ఒక మెయిల్ కొట్టండి:

"క్లెయిమ్ నంబర్ ఫలానా. ప్రమాదం ఫలానా తేదీన జరిగింది, అదే రోజు తెలియజేశాను. సర్వేయర్ ఫలానా తేదీన కారు చూశారు. సప్లిమెంటరీ ఎస్టిమేట్ ఫలానా తేదీన వర్క్‌షాప్ నుంచి పంపారు, కాపీ జతచేశాను. 15 రోజుల గడువు ఫలానా తేదీతో ముగిసింది. రిపోర్టు అందిందా లేదా, అందకపోతే ఏ కాగితం కోసం ఆగిందో రాతపూర్వకంగా తెలియజేయగలరు. సర్వే రిపోర్టు కాపీ కూడా పంపగలరు."

కోపం, నిష్ఠూరం ఏమీ అక్కర్లేదు. తేదీలు చాలు. రేపు పైకి ఫిర్యాదు పెట్టాల్సి వస్తే ఈ మెయిలే మీ ఆధారం.

"డాక్యుమెంట్స్ పెండింగ్" అని మెసేజ్ వస్తూనే ఉంది

ఒకటి ఇస్తే ఇంకొకటి అడుగుతారు. అన్నీ ఒకేసారి రాసి పంపమని మెయిల్ పెట్టండి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదని, క్లెయిమ్‌కి నేరుగా సంబంధం ఉన్నవే అడగాలని అదే సర్క్యులర్‌లో ఉంది. మామూలుగా అక్కరకొచ్చేవి క్లెయిమ్ ఫారం, ఆర్‌సీ, ఆ టైంలో నడిపినవాళ్ల లైసెన్సు, పాలసీ, కేవైసీ కింద పాన్, ఆధార్, డబ్బు మన ఖాతాలోకే వచ్చేటట్టయితే క్యాన్సిల్డ్ చెక్కు.

పేచీ వచ్చేది పోలీసు కాగితం దగ్గర. ఎవరికీ దెబ్బలు తగలకపోతే స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఎందుకండీ, ఇద్దరూ మాట్లాడుకోండి అంటారు. అప్పుడు కనీసం జనరల్ డైరీలో ఎంట్రీ చేయించి నంబర్ తీసుకోండి. అవతలి బండి నంబరు, డ్రైవరు పేరు అందులో ఉండేలా చూసుకోండి. ట్రిబ్యునల్‌కి వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టడమే మంచిది. టోల్‌గేట్, పెట్రోలు బంకు, రోడ్డు పక్క హోటల్ కెమెరాల్లో రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి అదే రోజు అడగండి. ఇవ్వకపోతే పోలీసుల చేత అడిగించండి.

ఇంకో మాట. రోడ్డు మీద పెద్దమనుషులు చేరి, వాడు అయిదు వేలిస్తాడు, మీరు కాగితం రాసివ్వండి అంటే సంతకం పెట్టొద్దు. "ఇకపై నాకు ఏ క్లెయిమూ లేదు" అని రాసిచ్చిన రాజీ కాగితం బయటపడితే మీ సొంత కంపెనీ కూడా అడ్డం తిరుగుతుంది. గుద్దినవాళ్ల దగ్గర ఆ సొమ్ము రాబట్టుకునే కంపెనీ హక్కుని మీరు చేతులారా వదిలేసినట్టు అవుతుంది కాబట్టి. అలా రాజీ పడకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

కారు రెడీ, షెడ్డు వాళ్లు తాళం ఇవ్వట్లేదు

క్యాష్‌లెస్ క్లెయిముల్లో, అంటే కంపెనీయే నేరుగా షెడ్డుకి డబ్బు కట్టే వాటిలో, ఇది రోజూ కనిపించేదే. పని అయ్యాక సర్వేయర్ మళ్లీ చూస్తాడు, ఫైనల్ బిల్లు వెళ్తుంది, అప్పుడు కంపెనీ నుంచి డీఓ (డెలివరీ ఆర్డర్, బండి వదలమనే కాగితం) వస్తుంది. డీఓ వచ్చేదాకా షెడ్డు బండి వదలదు. శనివారం మధ్యాహ్నం రెడీ అయిన కారుకి సోమవారం దాకా డీఓ రాదని ముందే అనుకోండి. కారు అర్జెంటు అయితే బిల్లు మనమే కట్టి, ఆ డబ్బు తర్వాత మనకి ఇచ్చే రీయింబర్స్‌మెంట్‌కి మార్చమని కంపెనీని అడగొచ్చు. కట్టే ముందే ఆ సంగతి మెయిల్‌లో ఒప్పించుకోవాలి.

విడిభాగాలు రాక ఆగితే అది ఇన్సూరెన్స్ కంపెనీ తప్పు కాదు, బండి కంపెనీ సరఫరా సమస్య. ఆర్డర్ పెట్టిన తేదీ, ఆర్డర్ నంబర్ షెడ్డులో అడగండి. ఆర్డరే పెట్టలేదని తేలే సందర్భాలు తక్కువేం కావు.

ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు

సెకండ్ హ్యాండ్ కారు కొని పాలసీ మార్పించుకోని వాళ్ల సంగతి ఇది. బదిలీ అయిన 14 రోజుల్లో పాలసీ మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ కవర్ కారుతో పాటు వస్తుంది గానీ ఓన్ డ్యామేజ్ రాదు. ప్రమాదం తర్వాత మార్పిస్తే పనికిరాదు. ఇలాంటి కేసులో కంపెనీ ఆలస్యం చేస్తోందంటే తిరస్కరించబోతోందనే అర్థం. సొంత క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకుండా గుద్దినవాళ్ల మీద ట్రిబ్యునల్ దారి చూసుకోండి.

బిల్లు 50,000, ఇచ్చింది 39,000

ఇది ఆలస్యం కాకపోయినా దీని మీద గొడవపడుతూ క్లెయిమ్ సాగదీసుకునేవాళ్లు ఎక్కువ. మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తున్న 1,500 సీసీ లోపు కారు, జీరో డెప్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేదు అనుకోండి. జీఎస్టీ పక్కనపెడితే లెక్క ఇలా వస్తుంది. బంపర్ 9,000: ప్లాస్టిక్ కాబట్టి సగమే, 4,500. డిక్కీ డోర్ 16,000: ఇనుముకి ఈ వయసులో 25 శాతం తరుగు, 12,000. వెనక అద్దం 6,000: అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ 12,000: అందులో పావు వంతు మెటీరియల్‌గా లెక్కగట్టి దానిలో సగం కోస్తారు, 10,500. లేబర్ 7,000: మొత్తం ఇస్తారు. కలిపితే 40,000. తప్పనిసరి కోత 1,000 పోగా 39,000.

ఇంతకంటే తగ్గితే సర్వే రిపోర్టులో ఏ లైను కొట్టేశారో చూసి, ఆ లైను మీదే అడగండి.

ఎక్కడా కదలకపోతే

ముందు మీ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. రెండు వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా 155255కి ఫోన్ చేయండి. ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉన్నా, అక్కడికి వెళ్లాల్సిన పని లేదు. ఫిర్యాదు పోర్టల్‌లో పడగానే కంపెనీలో వేరే టీం చేతికి వెళ్తుంది, చాలా ఫైళ్లు ఇక్కడే కదులుతాయి.

నెలైనా జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుకీ కంపెనీకీ మధ్య తగాదాలు తేల్చే అధికారి) ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. తీర్పు వచ్చాక 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీకి రోజుకి 5,000 చొప్పున జరిమానా పడుతుంది. అయితే అంబుడ్స్‌మన్ దగ్గరికి మీ సొంత కంపెనీ మీదే వెళ్లగలరు, అవతలి బండి కంపెనీ మీద కుదరదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే అదే విషయం అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోండి. మామూలు రిపేరు క్లెయిమ్‌కి నేనైతే అంబుడ్స్‌మన్‌నే ఎంచుకుంటాను. ఫిర్యాదులో ఆలస్యానికి వడ్డీ కూడా అడగండి. బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి ఇవ్వాలన్నది నియమం.

మిగిలిన డబ్బు అవతలివాళ్ల దగ్గర రాబట్టాలంటే

పై లెక్కలో జేబులోంచి పోయిన 11,000 లాంటిది ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. మన కంపెనీ ఇచ్చిన భాగం మళ్లీ అడగకూడదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన చోటికి తిరగనక్కర్లేదు. అవతలి బండి ఇన్సూరెన్స్ వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. 11,000 కోసం లాయరు ఫీజు కట్టి తిరగడం మాత్రం దండగ. లక్ష దాటితేనో, ఎవరికైనా దెబ్బలు తగిలితేనో ఆలోచించండి.

చివరికి డబ్బు ఇచ్చే ముందు కంపెనీ ఒక వోచర్ మీద సంతకం అడుగుతుంది, అందులో "ఫుల్ అండ్ ఫైనల్" అని ఉంటుంది. మొత్తం మీద అభ్యంతరం ఉంటే సంతకం కింద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయండి, ఫొటో తీసుకోండి, అదే మాట మెయిల్‌లోనూ పంపండి.