బంటు తక్కువైనా అర పాయింట్ తెచ్చే రూక్ ఎండింగ్

మా చెస్ క్లబ్‌లో కొత్తగా చేరిన వాళ్లకి ఓపెనింగ్‌ల (ఆట మొదట్లో ఆడే ఎత్తుల) కన్నా ముందు నేను ఫిలిదోర్ పొజిషన్ నేర్పిస్తాను, అంటే బంటు తక్కువున్నా ఆటని డ్రా చేసుకుని అర పాయింట్ తెచ్చుకునే పద్ధతి. 1500 రేటింగ్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) దగ్గర ఇద్దరు ఆడుతుంటే ఆట రూక్ ఎండింగ్‌కి, అంటే రాజులు, రూక్‌లు (ఏనుగులు), కొన్ని బంట్లే మిగిలే దశకి రావడం మామూలే. ఒక్క బంటు తక్కువుందని అక్కడే రిజైన్ చేసేస్తుంటే (ఓటమి ఒప్పేసుకుంటుంటే) చూడలేను. ఫిలిదోర్ అనే ఫ్రెంచ్ ఆటగాడు దీనికి మందు 18వ శతాబ్దంలోనే చూపించాడు.

బోర్డు తీసి పెట్టండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). తెల్ల రాజు డి5, బంటు ఇ5, రూక్ ఏ7. మీవి నల్లవి: రాజు ఇ8, రూక్ బి6. మీ రూక్ ఆరో వరుసని కాస్తున్నంతసేపు తెల్ల రాజు ముందుకు రాలేడు. మీరు రూక్‌ని బి6 నుంచి జి6కి, మళ్లీ బి6కి తిప్పుతూ ఉంటే చాలు. సి, డి, ఇ, ఎఫ్ గళ్లలో మాత్రం ఆపకండి, రాజో బంటో కొట్టేస్తుంది. ఏ8లో చెక్ ఇస్తే రాజుని ఇ7కి తెండి, ఏ7లో ఇస్తే తిరిగి ఇ8కి.

విసుగొచ్చి ఎదుటివాళ్లు బంటుని ఇ6కి తోస్తారు. సరిగ్గా అప్పుడే రూక్‌ని చివరిదాకా దించండి: బి6లో ఉంటే బి1, జి6లో ఉంటే జి1. రాజు దాక్కోగలిగే ఇ6 గడిలోకి బంటే వెళ్లిపోయింది కాబట్టి తెల్ల రాజుకి ఇక తలదాచుకునే చోటు లేదు. డి6కి వస్తే డి1లో చెక్, ఇ5కి తగ్గితే ఇ1లో చెక్, ఎఫ్6 అంటే ఎఫ్1. చెక్‌లు తప్పించుకుంటూ బంటుకి దూరమైతే ఆ బంటునే కొట్టేయండి.

తొందరపడకండి. బంటు ఇ5లో ఉండగానే మీ రూక్‌ని కిందికి దించితే తెల్ల రూక్ ఏ6కి వచ్చి ఆరో వరుస ఆక్రమిస్తుంది. డ్రా అప్పటికీ ఉంటుంది, కానీ గడియారంలో నిమిషం మిగిలినప్పుడు దాన్ని వెతుక్కోవడం చాలా టెన్షన్.

ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకీ కలిసే సమయం) 30 సెకన్లున్న ఆటలో చివరిదాకా ఎత్తులు రాయాల్సిందే, ఇక్కడ మీకు పనికొచ్చేది ఆ ఎత్తులు రాసిన కాగితమే, అంటే స్కోర్‌షీటే. మీ ఎత్తుతో అదే పొజిషన్ మూడోసారి రాబోతుంటే, ఎత్తు ఆడకుండా షీట్‌లో రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (పోటీ రిఫరీని) పిలిచి డ్రా అడగండి. ఇద్దరూ చెరో 50 ఎత్తులు బంటు కదపకుండా, ఏదీ కొట్టకుండా ఆడినా డ్రా అడగొచ్చు. మీరు అలా అడిగిన డ్రా క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివాళ్లకి 2 నిమిషాలు కలుస్తాయి, మీరు షీట్‌లో రాసిన ఆ ఎత్తే ఆడి ఆట కొనసాగించాలి.