పిస్టల్ చేతిని తన్నుతోందా? ముందు చెవుల సంగతి చూడండి

డాలస్ చుట్టుపక్కల వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి (తుపాకీ ప్రాక్టీస్ చేసే చోటికి) వెళ్లే మనవాళ్లు మొదటి పిస్టల్ చిన్నది, తేలికైనది చూసుకుని కొంటుంటారు. నేనూ అంతే. రెండు మ్యాగజైన్లు (పిస్టల్‌లో తూటాలు నింపే డబ్బాలు) అయ్యేసరికి అరచెయ్యి మండిపోయి, బుద్ధిగా పెట్టెలో పెట్టేశాను.

సమస్య: కుడిచేతివాటం వాళ్లకి గుళ్లన్నీ టార్గెట్‌లో కిందికి, ఎడమకి పడుతున్నాయి.

కారణం: తన్నుడు కాదు, తన్నుతుందన్న టెన్షన్. పేలకముందే చెయ్యి పిస్టల్‌ని కిందికి నొక్కేస్తుంది. ఈ భయాన్ని పెంచేది ఎక్కువగా శబ్దమే. 9 ఎంఎం తూటా పేలితే 150 డెసిబెల్స్ దాటుతుంది, నాలుగు గోడల మధ్య ఇంకా గట్టిగా తగులుతుంది.

పరిష్కారం: లోపల ఫోమ్ ప్లగ్స్, పైన ఇయర్ మఫ్స్, రెండూ వాడండి. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. చాలామంది చెవి అంచున తగిలించి వదిలేస్తారు. తర్వాత ఫ్రెండ్‌తో మ్యాగజైన్‌లో ఒకటి రెండు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి నింపించండి, ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు, పేలకపోయినా పిస్టల్ మూతి దభాలున కిందికి వంగుతుంది. నాది వంగితే మావాడు పగలబడి నవ్వాడు.

సమస్య: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొప్పి, మూతి బాగా పైకి ఎగరడం.

కారణం: గ్రిప్‌ని (పిస్టల్ పిడిని) కిందికి పట్టుకోవడం. బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం) చేతికి ఎంత ఎత్తులో ఉంటే మూతి అంత తిరగబడుతుంది.

పరిష్కారం: చెయ్యి వీలైనంత పైకి, స్లయిడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) మాత్రం చర్మానికి తగలకుండా. గ్రిప్ మీద మిగిలిన ఖాళీని ఎడమ అరచేత్తో నింపి, ఆ చేత్తోనే కాస్త గట్టిగా పట్టుకోండి. కుడిచెయ్యి బిగుసుకుంటే ట్రిగ్గర్ వేలు మొరాయిస్తుంది.

సమస్య: పట్టు బాగానే ఉంది, అయినా యాభై రౌండ్లకే చెయ్యి వాచిపోతోంది.

కారణం: బరువు చాలదు. ఖాళీ మ్యాగజైన్‌తో గ్లాక్ 43 సుమారు అరకిలో, గ్లాక్ 19 సుమారు 670 గ్రాములు. తూటా అదే 9 ఎంఎం, కానీ తేలికైన పిస్టల్ ఎక్కువ వేగంతో వెనక్కి వస్తుంది.

పరిష్కారం: నేర్చుకోవడానికి .22 (చిన్న తూటా వాడే) పిస్టల్ అద్దెకి తీసుకోండి, నా మాట వినండి. .357 మాగ్నమ్ రివాల్వర్ ఉంటే అందులో తక్కువ శక్తి ఉన్న .38 స్పెషల్ తూటాలు వేసుకోవచ్చు, చాలా మెత్తగా ఉంటుంది. '+పి' (ఎక్కువ ప్రెషర్‌వి) అని ఉన్న తూటాల డబ్బాలు ప్రాక్టీస్‌కి వద్దు. మర్నాటికీ మణికట్టు నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

సమస్య: పేలిన తూటా ఖాళీ తొడుగు స్లయిడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది.

కారణం ఎక్కువగా మణికట్టు వదులు, దాన్ని బిగించండి. గట్టిగా పట్టినా ఇరుక్కుంటే పిస్టల్‌నే చూపించాలి.

సమస్య: ఒక్కసారిగా తన్నుడు లేదు, 'టుప్' మని చిన్న శబ్దం.

ఇది హాయి కాదు, ప్రమాదం. తూటాలో మందు చాలక గుండు బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. ఇంకోటి పేల్చారంటే బ్యారెల్ పగలొచ్చు. వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయండి, మూతి టార్గెట్ వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.